బాగేపల్లి: ఒక సరిహద్దు ఊరి చరిత్ర, పరిపాలన

మన సంఘములో క్రొత్తగా పరిచయమైనవారు మొట్టమొదట అడుగు ప్రశ్న, "మీది ఏ జిల్లా అండీ?" అని. నెల్లూరనో, గుంటూరనో, కడప అనో చెప్పినవారికి వెంటనే చుట్టరికము కలిసిపోవును. మేము బాగేపల్లి అని చెప్పినప్పుడు మాత్రము ఎదుటివారు కొంచెము ఆగి, "అది కర్ణాటకలోనిది కదా! మరి మీ ఇంటిలో తెలుగెట్లు మాట్లాడుదురు?" అని ఆశ్చర్యపడుదురు. కొందరు, "మీ తాతలు ఎప్పుడు వలస వచ్చినారు?" అని కూడ అడుగుదురు. మా తాతలు ఎక్కడికిని వలస రాలేదు. వలస వచ్చినవారము మేమే; అదియు నూరు కిలోమీటర్ల దూరము, ఉద్యోగము కొరకు, బెంగుళూరికి. తాతలు ఉన్నచోటనే ఉండగా ఒక గీత వచ్చి వారి ఊరికి ఉత్తరముగా పడినది. ఆ గీత ఎప్పుడు ఎట్లు పడినది, దానికి ఈవల నున్న చిన్న ఊరిని ఎవరెవరు ఎట్లు పాలించినారు అను సంగతులను ఈ ఉగాది సంచికలో నాలుగు పుటలు వ్రాయ సాహసించుచున్నాము. మేము మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవారము. శాసనములు పరిష్కరించు పండితులము కాము. పెద్దలు దీనిని ఆ దృష్టితోనే చదువవలెను.

బెంగుళూరునుండి హైదరాబాదు పోవు పెద్దబాటను పూర్వము 7వ నంబరు రోడ్డు అనెడివారు; ఇప్పుడది 44వ నంబరు జాతీయ రహదారి. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురము, పేరేసంద్ర దాటి ఉత్తరముగా పోగా, బెంగుళూరికి సుమారు నూరు కిలోమీటర్ల దూరమున బాగేపల్లి వచ్చును. అక్కడినుండి మరికొంచెము పోగానే కర్ణాటక ముగిసి కొడికొండ చెక్‌పోస్టు కనబడును. ఆవలిది శ్రీ సత్యసాయి జిల్లా. 2022 ఏప్రిల్ వరకు అది అనంతపురము జిల్లాలోని భాగమే. బాగేపల్లి 2007 ఆగస్టు వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ నెలలో ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినది. చూచితిరా, గీతకు ఇరువైపుల జిల్లాల పేర్లు మారినవి గాని గీత మాత్రము కదలలేదు.

నేల ఎఱ్ఱనేల. ఎటుచూచినను నల్లరాతి గుట్టలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండు గుండ్లు, బాటకు ఇరుప్రక్కల చింతచెట్లు. వేరుశనగ, రాగి మా ముఖ్యమైన పంటలు. నీరున్నవారు టమాటా, మల్బరీ పెట్టుదురు. సంవత్సరము పొడుగున పారు నది యొక్కటియు లేదు. నందికొండల దగ్గర పుట్టిన చిత్రావతి మా ప్రక్కగా పోవును గాని వానకాలమున తప్ప అందులో ఇసుకయే ఎక్కువ. ఆ చిత్రావతియే గీత దాటి పుట్టపర్తి, బుక్కపట్నము, ధర్మవరముల మీదుగా పోయి పెన్నలో కలియును. ఏటికి సరిహద్దు తెలియదు. తెలియక పోవుటవలన వచ్చిన తగవును గూర్చి తరువాత చెప్పెదము.

విజయనగరము 1565లో కూలిన పిమ్మట రాయలవారి రాజధాని పెనుకొండకు చేరినది. బాగేపల్లినుండి పెనుకొండ ఎంతో దూరము కాదు. ఆ రాజ్యపు నీడలో ఈ గుట్టల మధ్య పాళెగాండ్రు కోటలు కట్టుకొని ఏలినారు. గుమ్మనాయకునిపాళ్యములోను, గుడిబండలోను ఆ కోటల గోడలు నేటికిని నిలిచియున్నవి. 1761లో హైదరాలీ శిరాను పట్టి, వెంటనే చిక్కబళ్ళాపురము మీదికి పోయినాడు. దానికి సాయము వచ్చిన గుత్తి మురారిరావును ఓడించి, కొడికొండ, పెనుకొండ, మడకశిరలను కూడ కలుపుకొన్నాడు. అనగా ఆనాడు గీతకు ఈవల ఆవల అను మాటయే లేదు; అంతయు ఒకటే సీమ.

గీత పడినది 1799లో. శ్రీరంగపట్టణములో టిప్పు సుల్తాను మరణించిన పిదప ఆంగ్లేయులు ఆ రాజ్యమును పంచినారు. కొంత తాము తీసుకొని, కొంత నిజామునకు ఇచ్చి, మిగిలినదానిని మైసూరు ఒడెయరుల వంశమునకు అప్పగించినారు. పెనుకొండవైపు నిజాము వంతుకు పోయినది. మరుసటి ఏడే, 1800లో, నిజాము తన వంతును కంపెనీ సైన్యపు ఖర్చుల క్రింద కంపెనీకే వదలుకొన్నాడు. మన చరిత్ర పుస్తకములలో దత్తమండలములు అనునవి ఇవియే. మన్రో దొర 1800 మొదలు 1807 వరకు కలెక్టరుగా ఉన్నది ఇక్కడనే. ఆ విధముగా కొడికొండ దత్తమండలములలోను, బాగేపల్లి మైసూరులోను పడినవి. పంచినవారు భాషను చూచి పంచలేదు. శిస్తు లెక్కలను చూచినారు, కోటలను చూచినారు. ఇచ్చట ఏమి మాట్లాడుదురని వారినెవరును అడిగినట్లు లేదు.

ఆనాటి సరిహద్దే ఇంచుమించుగా ఈనాటి రాష్ట్ర సరిహద్దు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గములను ఆంధ్రకు, మిగిలినవానిని మైసూరుకు ఇచ్చినారు. ఆ వివాదము అందరికిని తెలిసినదే. కోలారు జిల్లా ప్రశ్న మాత్రము అంత ప్రసిద్ధికి రాలేదు. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము, కోలారు జిల్లాలో సగమునకు పైగా తెలుగువారేయని ఎరిగియుండియు, ఆ జిల్లాను కన్నడ రాష్ట్రములోనే ఉంచుమన్నది. జిల్లా బెంగుళూరితో పెనవేసుకొని పోయినది, సంతలు, బజారులు, చదువులు, కోర్టులు అన్నియు ఈవైపే. ఆ తీర్పు అన్యాయమని మేము అనము. బాగేపల్లి రైతు వేరుశనగ అమ్ముకొనుటకు అనంతపురముకంటె చిక్కబళ్ళాపురమే దగ్గర. భాష ఒకటే సమస్తము కాదు. తక్కెడ ఎక్కడ ఉన్నదో అదియు చూడవలెను.

ఇక పరిపాలన సంగతి. పంచాయతీ అను పేరు రాకముందు ఊరు ఎట్లు నడచెడిదో ఇప్పటి పిల్లలకు తెలియదు. పటేలు ఊరికి పెద్ద. శానుభోగులు లెక్కలు వ్రాయువాడు, మీ వైపు కరణమన్నట్లు. తలారి కావలి, తోటి పిలుపు. కమ్మరి, వడ్లవాడు, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారందరు ఆయగాండ్రు. వీరికి జీతము లేదు, కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు ఆయము ముట్టెడిది. వీరందరిలో మాకు ముఖ్యుడుగా తోచువాడు నీరుగంటి. చెరువు తూము తాళము అతని చేతిది. ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు, ఏ కాలువ ముందు, ఏది వెనుక అని నిర్ణయించి పారించువాడు. చెరువు సగమే నిండిన ఏట ఎంత నేల నాటవలెనో పెద్దలు కూర్చుండి తీర్మానించెడివారు, దానిని అమలు జరుపువాడు నీరుగంటి. చెరువు నిండి నీరు పొర్లు చోటును కోస్తావారు అలుగు అందురు, సీమవారు మరవ అందురు, కన్నడమువారు కోడి అందురు. మూడు మాటలును మా ఊరిలో అర్థమగును. అది పారిననాడు ఊరంతయు కట్టమీదనే.

ఆ కాలము స్వర్ణయుగమని మేము చెప్పము. పటేలు, శానుభోగులు వంశపారంపర్యము. శానుభోగుల కలము వంకర తిరిగిన రైతు భూమియు వంకర తిరిగెడిది. తోటి, తలారి కుటుంబములు ఎండనక వాననక చాకిరిచేసి కళ్ళములో చివరకు మిగిలినది ఎత్తుకొనెడివారు. అయినను చెరువునకు ఒక దిక్కు ఉండెడిదని మాత్రము ఒప్పుకొనవలెను.

పైనుండి చూచిన, 1831 మొదలు 1881 వరకు మైసూరును ఆంగ్ల కమిషనరులు పాలించినారు. బౌరింగు దొర కాలమున, 1860 తరువాతి సంవత్సరములలో, జిల్లాలు, తాలూకాలు నేటి రూపమునకు వచ్చినవి. నందిదుర్గ విభాగములో కోలారు ఒక జిల్లా. తాలూకు కచేరిలో అమలుదారు కూర్చుండెడివాడు. 1881లో రాజ్యము తిరిగి ఒడెయరులకు దక్కగా దివాను రంగాచార్లుగారు ఆ అక్టోబరులోనే మైసూరు ప్రజాప్రతినిధి సభను సమావేశపరచినారు. మొదటి సభకు 144 మంది వచ్చినారు. తాలూకాలనుండి రైతులు దసరాకు మైసూరు పోయి తమ కష్టములు దివానుగారి యెదుట చెప్పుకొనుట అప్పుడు ప్రారంభమైనది. బ్రిటిషు ఇండియాలో అట్టిది లేని రోజులవి. మా జిల్లాలోని ముద్దెనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912 మొదలు 1918 వరకు దివానుగా ఉండగా గ్రామాభివృద్ధికి పథకము వేసినారు. వారి పూర్వుల ఊరు మోక్షగుండము తెలుగుదేశములోనిదని ఇంటిపేరే చెప్పుచున్నది. 1918లోను, 1926లోను వచ్చిన చట్టములతో గ్రామ పంచాయతీలకు చట్టబద్ధమైన రూపము కలిగినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952, 1959 చట్టములు వచ్చినవి. అవి కాగితము మీద బాగుగనే ఉన్నవి. డబ్బు లేదు, అంతే.

అసలైన మార్పులు రెండు. మొదటిది 1963 ఫిబ్రవరి 1వ తేది. ఆనాడు వంశపారంపర్యపు గ్రామోద్యోగములు చట్టముచేత రద్దయినవి. పటేలు, శానుభోగులు పోయి, జీతము తీసుకొను గ్రామ లెక్కాధికారి వచ్చినాడు. ఇది మంచిదే. కాని తూము దగ్గర నీరుగంటి పాతదనమును కోల్పోయినాడు. చెరువునకు ఎవరు దిక్కో తేలకుండ పోయినది. ఆ తరువాతనే బోరుబావుల కాలము వచ్చుటచేత చెరువును మరచుట మరింత సులభమైనది.

రెండవది 1987 జనవరి. 1983 చట్టము ప్రకారము జిల్లా పరిషత్తులకు, మండల పంచాయతీలకు ఆ నెలలో ఎన్నికలు జరిగినవి. ఎనిమిది వేలు మొదలు పండ్రెండు వేల జనము గల గ్రామములను చేర్చి ఒక మండలము; నాలుగింట ఒక వంతు స్థానములు స్త్రీలకు. దీనికి కారకుడు అబ్దుల్ నజీర్ సాబు అను మంత్రి. ఊరూర బోర్లు వేయించి నీళ్ళిచ్చినందున జనులు ఆయనను "నీర్ సాబు" అని పిలిచినారు. 1988లో ఆయన మరణించినారు. పేరు బిరుదుగా మారుట మంత్రులకు తరచు జరుగునది కాదు. ఆయన చట్టము ఎక్కువ కాలము నిలువలేదు. 1993 మే 10వ తేదినుండి గ్రామ, తాలూకు, జిల్లా పంచాయతీలు మూడంచెలుగా వచ్చినవి. నాలుగు వందల జనమునకు ఒక సభ్యుడు. 2010నుండి స్త్రీలకు సగము స్థానములు. గ్రామ పంచాయతీలు నడచినవి. తాలూకు, జిల్లా పంచాయతీలకు మాత్రము 2016లో జరిగిన ఎన్నికల గడువు 2021లో తీరినది, ఆపైన ఏండ్ల తరబడి ఎన్నికలు లేక అధికారుల ఏలుబడి సాగినది. మైసూరు రాజుల కాలములోనే దివానును ప్రశ్నించిన తాలూకాలకు ఇది తగిన మర్యాద కాదు.

బాగేపల్లి పట్టణము పంచాయతీ క్రిందిది కాదు, పురసభ క్రిందిది. 1964 నాటి కర్ణాటక పురపాలక చట్టము ప్రకారము ఇరువది వేలు మొదలు ఏబది వేల వరకు జనమున్న ఊరికి పురసభ. ఒకప్పుడు బాగేపల్లి తాలూకాలో కసబా, గూళూరు, మిట్టేమరి, చేలూరు, పాతపాళ్యము అను ఐదు హోబళులుండెడివి; చేలూరు ఇటీవల ప్రత్యేక తాలూకా అయినది. గుడిబండ ఒకప్పుడు బాగేపల్లిలోని ఉపతాలూకా. అదియు నేడు వేరు తాలూకాయే.

మాకు మిక్కిలి విచిత్రముగా తోచునది ఈ సభలలోని భాష. గ్రామసభలో చర్చ తెలుగులో జరుగును, నడావళి కన్నడములో వ్రాయబడును. వీధి దీపము వెలుగలేదని ముసలమ్మ తెలుగులో తిట్టును; ఆ తిట్టు కన్నడములో "మనవి" యగును. ఇంటిలో సంతకము, కచేరిలో సహి. ఇంటిలో సంగటి, హోటలులో ముద్దె. పహణి కన్నడములో, ఆ పహణిలోని భూమిమీద అన్నదమ్ముల తగవు తెలుగులో. రెండు శతాబ్దములుగా ఇట్లే సాగుచున్నను ఏ భాషయు చెడలేదు. చింతామణి దగ్గరి కైవారములో 1726 మొదలు 1836 వరకు జీవించిన నారేయణ యతీంద్రులు, మేము కైవారము తాతయ్య అందుము, తెలుగులోను కన్నడములోను రచించినారు. ఆయనను రెండు భాషలవారు తమవాడే అందురు, రెండును నిజమే.

ఒక నష్టమున్నది, అది దాచరాదు. మా వైపు బడులు కన్నడపు బడులు. తెలుగు మాట్లాడువారే గాని తెలుగు చదువగలవారు తక్కువ. ఈ సంచికను మా ఊరికి పంపిన చదివి వినిపించువాడొకడు కావలెను. లిపులు చూడబోతే అక్కచెల్లెండ్రు; క, త, శ, చ, న వంటి కొన్ని అక్షరములును తలకట్టును తప్ప తక్కినవి చూడగానే పోల్చుకొనవచ్చును. మేము తెలుగు చదువుట నేర్చినది బెంగుళూరు వచ్చిన తరువాతనే, సినిమా పోస్టర్లు చూచి, ఒక్క నెలలో. మన సంఘము ఆదివారములు నడుపు అక్షర తరగతులు ఆంధ్రనుండి వచ్చినవారి పిల్లలకే అనుకొనక, కోలారు, చిక్కబళ్ళాపురముల తెలుగువారు కూడ తమ పిల్లలను పంపిన బాగుండును.

నీటి మాట చెప్పెదమంటిమి. చెరువులు పూడి, బోర్లు వెయ్యి అడుగులు దాటినవి. అంత లోతునుండి వచ్చు నీటిలో ఫ్లోరైడు. పిల్లల పండ్లు పచ్చబడుట, పెద్దల ఎముకలు వంగుట మా తాలూకాలో అందరు ఎరిగినదే. 2002లో నంజుండప్ప సంఘము రాష్ట్రమంతయు పరిశీలించి 39 తాలూకాలను అత్యంత వెనుకబడినవిగా లెక్కించగా అందులో బాగేపల్లి ఒకటి. కూలి సంఘములు బలపడుటకును, 1994లోను 2004లోను ఎఱ్ఱజెండా పార్టీ అభ్యర్థిని మా తాలూకావారు శాసనసభకు పంపుటకును ఈ కరవే కారణమని మా అభిప్రాయము. త్రాగునీటి కొరకు చిత్రావతికి పరగోడు దగ్గర ఆనకట్ట కట్టబోగా, ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో, బుక్కపట్నము చెరువునకు నీరు తగ్గునని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరము చెప్పినది. ఈవల దప్పిక గొన్నవారు తెలుగువారు, ఆవల చెరువు ఎండునని భయపడినవారును తెలుగువారే. భాష ఒకటైనంత మాత్రమున నీటి తగవు తీరదని అప్పుడు తెలిసినది. ఇప్పుడు బెంగుళూరి మురుగునీటిని శుద్ధిచేసి చిక్కబళ్ళాపుర జిల్లా చెరువులకు పంపుచున్నారు. నీరు లేక మా జిల్లానుండి బెంగుళూరు వచ్చినవారు ఇచ్చట వాడి వదలిన నీరే అక్కడి చెరువులకు చేరుచున్నదన్నమాట. నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

ఇప్పుడు పేరు. 2025 జూలై 2వ తేదిన నందికొండమీద సమావేశమైన రాష్ట్ర మంత్రివర్గము బాగేపల్లిని భాగ్యనగరముగా మార్చుటకు నిర్ణయించినది. పేరులోని "పల్లి" తెలుగు మాట, ఊరి పేరు కన్నడముగా ఉండవలెనని కొందరు కోరుచుండిరి. పేర్లు మారుట వింత కాదు. మైసూరు రాష్ట్రము 1973లో కర్ణాటకమైనది, బౌరింగుపేట బంగారుపేటయైనది, బెంగుళూరి ఇంగ్లీషు వర్ణక్రమము 2014లో మారినది. కాని "పల్లి" కన్నడము కాదనుట మాత్రము సరికాదు. ప్రాచీన కన్నడములో ఆ మాట పకారముతోనే ఉండెడిది. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు, కాలక్రమమున పళ్ళి హళ్ళియైనది. బాగేపల్లిలో ఆ పాత పకారము నిలిచియున్నది, అంతే. పైపెచ్చు, భాగ్యనగరమనగానే తెలుగువారికి హైదరాబాదు తలపునకు వచ్చును. ఇకమీద బెంగుళూరునుండి బస్సు భాగ్యనగరము మీదుగా భాగ్యనగరము పోవుననవలసి వచ్చునేమో! పేరు మార్చిన భాగ్యము కలుగునన్నచో మాకంటె సంతోషించువారుండరు. ఈ క్రొత్త సంవత్సరము పేరు పరాభవ. దానిని చూచి ఎవరును పండుగ మానుకొనలేదు కదా.

ఊరి పేరు మార్చుటకు కేంద్ర ప్రభుత్వపు సమ్మతి కావలెను. దానికి ముందు తపాలా శాఖ, సర్వే శాఖ, రైల్వే శాఖ తమకు అభ్యంతరము లేదని వ్రాసి ఇయ్యవలెను. ఇది చదివి మేము కొంచెము నవ్వుకొంటిమి. ఎందుకనగా బాగేపల్లిలో రైలు స్టేషను లేదు. చిక్కబళ్ళాపురమునుండి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి వద్దనున్న ప్రశాంతి నిలయము స్టేషనుకు 103 కిలోమీటర్ల క్రొత్త మార్గము రైల్వే పత్రములలో చాలాకాలముగా ఉన్నది. కాగితము దాటి కదలలేదు. ఆ మార్గము పడిననాడు స్టేషను పలకమీద కన్నడము, హిందీ, ఇంగ్లీషు అను మూడు భాషలలో ఏ పేరు వ్రాయుదురో చూడవలెను. అంతవరకు మా ఊరికి మెజిస్టిక్‌నుండి బస్సే. కండక్టరు మాత్రము ఇప్పటికిని "బాగేపల్లి, బాగేపల్లి" అనియే కేకవేయుచున్నాడు.